గూడ్సు బండి చివరి పెట్టె

గూడ్సు బండి వెళ్తుంటే పెట్టెలు లెక్కపెట్టని పిల్లలు ఉండరు. గేటు దగ్గర నిలబడి ఒకటి, రెండు, మూడు అని మొదలుపెడతారు. నలభై దాటేసరికి ఎవరో ఒకరు లెక్క తప్పుతారు. చివరకు మిగతా వాటికన్నా పొట్టిగా, వేరే ఆకారంలో ఒక పెట్టె వస్తుంది. దానికి చిన్న వరండా ఉంటుంది. ఆ వరండాలో తెల్ల దుస్తులు వేసుకున్న ఒక మనిషి, ఆయన చేతిలో చుట్టిన జెండాలు కనిపిస్తాయి. ఆ పెట్టె దాటిపోగానే అంతసేపూ చెవులు నింపిన చప్పుడు సన్నగిల్లిపోతుంది.

ఇదే గార్డు పెట్టె. రైల్వే వారు దీనిని బ్రేకు వ్యాను అంటారు. ఖుర్దా రోడ్, షోలాపూర్, అరక్కోణం, హుబ్బళ్ళి వంటి జంక్షన్లలో పెరిగే పిల్లలకు ఇది రోజూ కనిపించేదే. యానాంలో రైలు స్టేషను లేదు కాబట్టి అక్కడివారు దీనిని చూడాలంటే కాకినాడ వైపు వెళ్ళాలి.

బొగ్గు, బియ్యం, సిమెంటు, ఇనుప ఖనిజం మోసే పెట్టెల వెనుక, సరుకు ఏమీ లేని ఈ ఒక్క పెట్టెను ఎందుకు తగిలిస్తారు? గార్డు కూర్చోవడానికి అని చాలామంది జవాబు చెబుతారు. మరి గార్డు ఇంజనులోనే కూర్చోవచ్చు కదా! ఆయన చివరనే ఎందుకు ఉండాలి అన్నదే అసలు ప్రశ్న.

రైలు మార్గాన్ని చిన్న చిన్న భాగాలుగా విభజించి నడుపుతారు. ఒక స్టేషనుకూ తరువాతి స్టేషనుకూ మధ్య ఉండే అటువంటి భాగాన్ని బ్లాకు సెక్షను అంటారు. మామూలు పద్ధతిలో ఒక సెక్షనులో ఒకసారి ఒక్క బండే ఉండాలి. ముందు వెళ్ళిన బండి అవతలి స్టేషనుకు చేరిందని తెలిసిన తరువాతే వెనుక బండికి దారి ఇస్తారు. చేరడం అంటే ఇంజను చేరడం కాదు. బండి పూర్తిగా, చివరి పెట్టెతో సహా చేరాలి. మధ్యలో ఎక్కడైనా కప్లింగు తెగి పది పెట్టెలు దారిలోనే నిలిచిపోతే, ఇంజను చేరినా ఆ దారి ఖాళీ అయినట్టు కాదు. ఆ సంగతి తెలియక ఇంకొక బండిని పంపితే అది నేరుగా వెళ్ళి ఆ పెట్టెలను గుద్దుకుంటుంది.

కాబట్టి ప్రతి స్టేషనులోనూ బండి దాటేటప్పుడు స్టేషను మాస్టరు గాని, క్యాబిను మనిషి గాని బయటకు వచ్చి దాని తోకను చూడాలి. చివరి పెట్టె కనిపిస్తే బండి పూర్తిగా వచ్చినట్టు. ఆ పెట్టె ఒక సాక్షి వంటిది. దానిలోని సామగ్రి, దాని మీద వేసిన రంగులు, రాతలు, దీపాలు చాలావరకు ఈ సాక్ష్యానికీ, బండి భద్రతకూ సంబంధించినవే.

నేటి పెద్ద గూడ్సు బండిలో 58 పెట్టెలు, వాటి వెనుక ఒక గార్డు పెట్టె ఉండటం సాధారణం. నిండుగా బొగ్గు నింపితే దాని బరువు 4,700 టన్నులకు తగ్గదు. పొడవు 600 మీటర్లకు పైమాటే. ఇంజనులో ఉన్న డ్రైవరుకు వంపు తిరిగే చోట తప్ప బండి తోక కనిపించదు. వెనుక ఏం జరుగుతున్నదో చూడటానికి వెనుకనే ఒక మనిషి ఉండాలని రైళ్ళు పుట్టిన కొత్తలోనే అనుకున్నారు.

ఆ మనిషి చేతిలో మొదట ఉన్న ముఖ్య సాధనం చేతి బ్రేకు. గార్డు పెట్టెలో ఒక ఇనుప చక్రం ఉంటుంది. దానిని తిప్పితే ఆ పెట్టె చక్రాలను బ్రేకు దిమ్మలు నొక్కి పట్టుకుంటాయి. బ్రేకు వ్యాను అనే పేరు దీనివల్లనే వచ్చింది. కొత్తవలస నుంచి అరకు, కోరాపుట్ మీదుగా కిరండుల్ వెళ్ళే మార్గంలో ఇనుప ఖనిజం బండ్లు తూర్పు కనుమలు దిగి విశాఖపట్నం రేవుకు వస్తాయి. అటువంటి కొండ దారిలో ఆగిన బండి జారకుండా ఉండటం ఎంత అవసరమో వేరే చెప్పనక్కరలేదు.

అయితే ఒక్క చేతి బ్రేకు మీద ఎంతవరకు ఆధారపడవచ్చు? ఈ ప్రశ్నకు 1889లో ఐర్లండులో చాలా కఠినమైన జవాబు దొరికింది. ఆ ఏడాది జూన్ 12న ఆర్మా అనే ఊరి నుంచి ఆదివారపు బడి పిల్లలు, పెద్దలు సముద్రతీరానికి విహారయాత్రగా బయలుదేరారు. ఎత్తు ఎక్కలేక ఇంజను దారిలో ఆగిపోయింది. బండిని రెండుగా విడదీసి, ముందు భాగాన్ని ఎత్తు దాటించి వచ్చి వెనుక భాగాన్ని తీసుకువెళ్దామని సిబ్బంది నిర్ణయించారు. వెనుక మిగిలిన పది పెట్టెలను పట్టి ఉంచినవి చివరి వ్యానులోని చేతి బ్రేకు, చక్రాల కింద పెట్టిన కొన్ని రాళ్ళు మాత్రమే. ఇంజను కదిలేటప్పుడు ముందు భాగం కొద్దిగా వెనక్కి జరిగి ఆ పెట్టెలకు తగిలింది. ఆ మాత్రం దెబ్బకే రాళ్ళు నలిగాయి. పెట్టెలు పల్లంలోకి పరుగెత్తి, వెనుక వస్తున్న మరొక బండిని ఢీకొన్నాయి. దాదాపు 80 మంది చనిపోయారు. వారిలో పిల్లలు చాలామంది.

ఆ బండికి ఇంజను నుంచి వేసే వాక్యూమ్ బ్రేకు కూడా ఉంది. కాని దాని తీరు వేరు. గొట్టం విడదీస్తే విడిపోయిన పెట్టెలకు బ్రేకు పడటానికి బదులు ఊడిపోయేది. ఆ ఏడాదిలోనే బ్రిటన్ చట్టం చేసింది. ప్రయాణికుల బండ్లకు గొట్టం తెగితే తమంతట తామే పడే బ్రేకులు ఉండి తీరాలనీ, ఒక సెక్షనులో ఒకే బండి ఉండే పద్ధతిని పాటించి తీరాలనీ ఆ చట్టం శాసించింది.

నేటి బండ్లలో బ్రేకు ఆ విధంగానే పనిచేస్తుంది. ఇంజను నుంచి చివరి పెట్టె దాకా ఒక గొట్టం ఉంటుంది. దానిలో గాలిని నొక్కి నింపుతారు. గాలి నిండుగా ఉన్నంతసేపు చక్రాలు స్వేచ్ఛగా తిరుగుతాయి. గాలి తగ్గితే బ్రేకు పడుతుంది. కప్లింగు తెగితే గొట్టం కూడా తెగి గాలి పోతుంది కాబట్టి రెండు ముక్కలూ వాటంతట అవే ఆగుతాయి.

ఇంత ఏర్పాటు ఉన్నాక గార్డుకు పనేముంది అనిపించవచ్చు. ఇక్కడే గార్డు పెట్టెలోని ఒక చిన్న పరికరం విలువ తెలుస్తుంది. అది గాలి పీడనాన్ని చూపే ముల్లు గడియారం. ఇంజను దగ్గర గొట్టంలో పీడనం చదరపు సెంటీమీటరుకు 5 కిలోలు ఉండాలి. 56 పెట్టెల దాకా ఉన్న బండిలో గార్డు దగ్గర అది 4.8 కిలోలైనా ఉండాలి. మధ్యలో ఏదో ఒక పెట్టె దగ్గర గొట్టం మీద ఉండే మర మూసుకుపోయిందనుకుందాం. ఇంజనులోని ముల్లు సరిగానే చూపిస్తుంది. డ్రైవరు అంతా బాగానే ఉందనుకుంటాడు. కాని ఆ మరకు వెనుక ఉన్న పెట్టెలకు అతని బ్రేకు అందదు. ఇంజనులో ముల్లు కదిలినప్పుడు చివరి పెట్టెలో ముల్లు కదలకపోతే, ఆ సంగతి తెలిసేది గార్డు పెట్టెలోని వారికే. అందుకే బయలుదేరే ముందు రెండు చోట్లా ముల్లు చూడటం తప్పనిసరి చేశారు. దాని పక్కనే గార్డు తెరవగలిగిన ఒక అత్యవసర వాల్వు కూడా ఉంటుంది. అది తెరిస్తే గాలి పోయి బండి ఆగుతుంది.

ఇక గార్డు తన వెంట తెచ్చుకునే సామగ్రి వేరు. దానిని పెట్టుకునే బరువైన పెట్టెను లైను బాక్సు అంటారు. నల్ల రంగు మీద తెల్ల అక్షరాలతో గార్డు పేరు, అతని కేంద్ర స్టేషను పేరు రాసిన ఇటువంటి పెట్టెలు జంక్షను ప్లాటుఫారాల మీద వరుసగా పేర్చి ఉండేవి. వాటిని మోసి బండిలో ఎక్కించడానికి ప్రత్యేకంగా కూలీలు ఉండేవారు. ఇటీవలి సంవత్సరాలలో వీటి స్థానంలో చక్రాల సంచులు వస్తున్నాయి. లోపల ఉండేవి మాత్రం పెద్దగా మారలేదు. ఎరుపు, పచ్చ జెండాలు, రాత్రికి రంగులు మార్చగల చేతి దీపం, ఈల, గడియారం, బండ్ల వేళల పుస్తకం, ప్రథమ చికిత్స పెట్టె, మరికొన్ని పటాసులు.

పటాసులంటే దీపావళి పటాసులు కావు. రైల్వేలో వీటిని డిటోనేటర్లు అంటారు. గుండ్రని చిన్న డబ్బీలా ఉండే దీనిని పట్టాకు బిగిస్తారు. ఇంజను చక్రం దాని మీదికి ఎక్కగానే పెద్ద చప్పుడుతో పేలుతుంది. దానివల్ల బండికి హాని ఏమీ ఉండదు. డ్రైవరుకు మాత్రం ముందు ప్రమాదం ఉందని తెలుస్తుంది. పొగమంచులో సిగ్నలు కనిపించనప్పుడు కూడా ఇది ఉపయోగపడుతుంది. కళ్ళకు కనిపించని చోట చెవులకు వినిపించే సిగ్నలు అన్నమాట.

రెండు స్టేషన్ల మధ్య బండి ఏదో ప్రమాదం వల్ల ఆగిపోయిందనుకుందాం. అప్పుడు గార్డు దిగి వెనక్కి నడవాలి. బ్రాడ్ గేజి మార్గంలో 600 మీటర్ల దూరంలో ఒక పటాసు, 1,200 మీటర్ల దూరంలో పదేసి మీటర్ల ఎడంతో మూడు పటాసులు పెట్టాలని నియమం. తరువాత ఎర్ర జెండా, రాత్రి అయితే ఎర్ర దీపం చూపుతూ అక్కడే నిలబడాలి. తిన్నగా చివరి మూడే పెట్టకుండా దారిలో ఒకటి ఎందుకు? గార్డు 1,200 మీటర్లు నడిచేలోపలే వెనుక నుంచి బండి వస్తే ఏమవుతుంది? అందుకని సగం దూరంలోనే ఒకటి పెట్టి ముందుకు సాగుతాడు. పని ముగిసి తిరిగి వచ్చేటప్పుడు ఆ మధ్యదానిని తీసేస్తాడు, చివరి మూడింటినీ అక్కడే వదిలేస్తాడు. తన బండి కదిలి వేగం అందుకునేదాకా అవే దానికి కాపలా. చీకట్లో, వానలో, ఒకవైపు కంకర, మరొకవైపు గట్టు ఉన్న దారిలో ఈ నడక నడవడం తేలిక పని కాదు. వెనుక బండిలోని వారి ప్రాణాలన్నీ ఆ నడక మీదనే ఆధారపడి ఉంటాయి.

ఇప్పుడు పెట్టె బయట ఉన్న గుర్తులను చూద్దాం. అన్నిటికన్నా ముఖ్యమైనది వెనుక భాగంలో వేలాడే పలక. పసుపు మీద నల్లగా ‘ఎల్ వి’ అనే రెండు ఇంగ్లీషు అక్షరాలు దాని మీద ఉంటాయి. ఇంగ్లీషులో ‘చివరి వాహనం’ అనే మాటకు అవి పొడి అక్షరాలు. ప్రయాణికుల బండి చివరి పెట్టెకు ఈ పలకతో పాటు పెద్ద ఇంటూ గుర్తు కూడా పసుపు రంగులో వేసి ఉంటుంది. ఇంటూ గుర్తును పెయింటుతో వేస్తారు, పలకను మాత్రం తగిలిస్తారు. ఈ తేడా గమనించదగ్గది. బండిని రెండు ముక్కలు చేసి పెట్టెలను అటూ ఇటూ మార్చినప్పుడు ఇంటూ గుర్తు ఉన్న పెట్టె మధ్యలోకి పోవచ్చు. పలకను ప్రతిసారీ ఏది చివరిదో దానికే తగిలిస్తారు. కనుక ఎక్కువ నమ్మదగిన సాక్షి పలకే.

రాత్రి పలక కనిపించదు. దాని బదులు ఎర్రదీపం వెలగాలి. పాత గార్డు పెట్టెలకు ఇంకొక ముచ్చటైన ఏర్పాటు ఉండేది. రెండు పక్కలా రెండు దీపాలు తగిలించేవారు. అవి వెనుకవైపు ఎర్రగా, ఇంజను వైపు తెల్లగా కనిపించేవి. వెనుక నుంచి వచ్చేవారికి ఆ ఎరుపు ‘ఆగు’ అని హెచ్చరిక. ఇంజను నుంచి తల వెనక్కి తిప్పిన డ్రైవరుకు ఆ తెలుపు ‘నీ బండి అంతా నీ వెంటే ఉంది’ అని ధైర్యం. ఒకే దీపం ఇద్దరికి రెండు వేర్వేరు మాటలు చెప్పేదన్నమాట!

పక్క గోడల మీద ఉండే అంకెలూ అక్షరాలూ చూడటానికి గజిబిజిగా ఉంటాయి. పెట్టె ఏ రైల్వేదో, ఖాళీ బరువు ఎంతో, కర్మాగారంలో పూర్తి మరమ్మతు ఎప్పుడు జరిగిందో, మళ్ళీ ఎప్పటికి అక్కడికి చేరాలో వాటిలో ఉంటుంది. తేదీ దాటిన పెట్టెను పరీక్షించేవారు పక్కకు తీయవలసిందే. కాగితాలు పోవచ్చు, తడవవచ్చు. పెట్టె గోడ మీది రాత మాత్రం పెట్టెతోనే ప్రయాణం చేస్తుంది.

పూర్వం ఒక్కొక్క రైల్వే తన పెట్టెలకు తానే సంఖ్యలు వేసుకునేది. 2003లో దేశమంతటికీ ఒకే పద్ధతి వచ్చింది. ఇప్పుడు ప్రతి గూడ్సు పెట్టెకూ 11 అంకెల సంఖ్య ఉంటుంది. మొదటి రెండు అంకెలు పెట్టె రకాన్ని చెబుతాయి. 85 నుంచి 89 దాకా ఉన్నవి గార్డు పెట్టెలకు కేటాయించినవి. తరువాతి రెండు ఏ రైల్వేదో తెలుపుతాయి. మధ్య రైల్వేకు 01, దక్షిణ రైల్వేకు 06, దక్షిణ మధ్య రైల్వేకు 09. ఆ తరువాత రెండు తయారైన సంవత్సరం, ఇంకొక నాలుగు ఆ పెట్టె సొంత సంఖ్య.

చివరి అంకె మాత్రం పెట్టె గురించి ఏమీ చెప్పదు. అది మిగతా పది అంకెలు సరిగా రాశారా లేదా అని పట్టి ఇస్తుంది. 8509051234 అనే ఒక ఊహా సంఖ్యను తీసుకుందాం. ఎడమ నుంచి రెండవ, నాలుగవ, ఆరవ, ఎనిమిదవ, పదవ స్థానాల అంకెలు 5, 9, 5, 2, 4. వాటి మొత్తం 25. దానిని 3తో గుణిస్తే 75. మిగిలిన స్థానాల అంకెలు 8, 0, 0, 1, 3. వాటి మొత్తం 12. రెండూ కలిపితే 87. దానిని 90 చేయడానికి 3 కావాలి. ఆ 3 పదకొండవ అంకె అవుతుంది. దుమ్ము పట్టిన గోడను చూసి ఎవరైనా 5ను 6గా రాసుకుంటే ఈ లెక్క కుదరదు, తప్పు బయటపడుతుంది.

అమెరికాలో ఈ చివరి పెట్టెకు కబూస్ అని పేరు. పూర్వం ఓడలలోని వంటగదిని పిలిచిన మాట అది. అక్కడి దూరాలు చాలా ఎక్కువ కాబట్టి ఆ పెట్టె సిబ్బందికి ఇల్లుగా కూడా ఉండేది. నేలకు బిగించిన బొగ్గు పొయ్యి, పడుకోవడానికి బల్లలు, సరుకు కాగితాలు రాసుకోవడానికి ఒక మేజా ఉండేవి. చాలా కబూసుల పైకప్పు మీద అద్దాలతో చిన్న గది లేచి ఉండేది. దానిలో కూర్చొని బండి పొడవునా చూస్తూ, వేడెక్కిన ఇరుసు నుంచి పొగ వస్తున్నదేమో గమనించేవారు. తరువాతి కాలంలో సరుకు పెట్టెలే ఎత్తుగా తయారయ్యాయి. పైగది నుంచి చూసినా ముందు పెట్టె గోడ తప్ప మరేమీ కనిపించకపోవడంతో కొన్ని కంపెనీలు కిటికీలను పక్కలకు పొడుచుకువచ్చేటట్టు కట్టాయి. దూరానికి కనిపించాలని చాలా కబూసులకు ఎరుపు వేసేవారు. యూనియన్ పసిఫిక్ కంపెనీవి పసుపు రంగులో ఉండేవి. వైర్‌లెస్ అమర్చిన పెట్టెల మీద ఆ సంగతిని కూడా పెయింటుతో రాయడం ఉండేది.

1980ల తరువాత అమెరికాలో కబూసులు వేగంగా కనుమరుగయ్యాయి. చివరి పెట్టె కప్లింగుకు ఒక చిన్న యంత్రాన్ని తగిలించసాగారు. అది గొట్టంలోని గాలి పీడనాన్ని కొలిచి రేడియో ద్వారా ఇంజనుకు చెబుతుంది. రాత్రి ఎర్రదీపం మిణుకు మిణుకుమనిపిస్తుంది. గార్డు కళ్ళతో చూసే ముల్లును ఇప్పుడు డ్రైవరు తన ముందే చూసుకుంటాడు. పాత కబూసులు మ్యూజియాలకూ పార్కులకూ చేరాయి.

మన దేశంలోనూ ఆ మార్పు మొదలయింది. చాలా మార్గాలలో పట్టాల పక్కన అమర్చిన యాక్సిల్ కౌంటర్లు సెక్షనులోకి వెళ్ళిన ఇరుసులనూ, బయటకు వచ్చిన ఇరుసులనూ లెక్కపెడతాయి. రెండూ సమానమైతేనే దారి ఖాళీ. కొన్ని గూడ్సు బండ్లకు గార్డు పెట్టె బదులు చివరి పెట్టె యంత్రాన్ని తగిలించి నడుపుతున్నారు. గార్డు అనే పేరు కూడా మారింది. 2022 జనవరిలో రైల్వే బోర్డు ఈ ఉద్యోగులను ట్రైన్ మేనేజర్లని పిలవాలని నిర్ణయించింది. ఊళ్ళలో మాత్రం ఇంకా గార్డుగారే.

ఈ మార్పును గార్డులందరూ ఒకే విధంగా చూడరు. నాలుగు చక్రాల పాత గార్డు పెట్టె కుదుపులకు పేరుపడింది. చాలా వాటిలో దీపం లేదు, మరుగుదొడ్డి లేదు. ముందు పెట్టెలు ఒకదానినొకటి లాగిన ప్రతిసారీ ఆ దెబ్బ చివరకు వచ్చి గార్డుకే తగిలేది. గంటల తరబడి లూపు లైనులో ఆగిన బండిలో, చుట్టూ చీకటి పొలాల మధ్య, ఆయన ఒక్కడే ఉండేవాడు. ఆ కష్టం తప్పితే మంచిదే. అయితే యంత్రం గాలి పీడనాన్ని కొలవగలదు గాని, కాలుతున్న ఇరుసు వాసన పట్టలేదు, చేతి చక్రాన్ని తిప్పలేదు, పటాసులు పట్టుకుని 1,200 మీటర్లు వెనక్కి నడవలేదు. ఆ పనులను ఇంజనులోని ఇద్దరూ, దారి పక్కన పెట్టిన యంత్రాలూ పంచుకోవాలి. 600 మీటర్ల బండి ముందు నుంచి దిగిన మనిషి తోకను దాటి వెనుక కాపలాకు చేరాలంటే, పాత గార్డు నడిచిన దూరానికి ఆ 600 మీటర్లు అదనం.